పాత సీడీలు, క్యాసెట్లు కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నారా? ఏ ఫార్మాట్, ఎంత జాగా, ఏ డిస్క్

మొదటిసారి నా సీడీలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించినప్పుడు నా దగ్గరున్నది 40 జీబీ హార్డ్ డిస్క్. విండోస్‌కి, ఫోటోలకి, ఎప్పుడూ తెరవని ఫోల్డర్లకి పోగా పాటలకి మిగిలింది పట్టుమని పది జీబీ. దాంతో ఇంకేమీ ఆలోచించకుండా అన్నిటినీ 128 కేబీపీఎస్ (సెకనుకి ఎన్ని కిలోబిట్లు అన్న లెక్క) ఎంపీ3లు చేసి పడేశాను, అప్పటి చిన్న స్పీకర్లలో బాగానే వినిపించాయి కూడా. కొన్నేళ్ల తర్వాత కాస్త మంచి హెడ్‌ఫోన్లు కొన్నాక బండారం బయటపడింది: డ్రమ్స్ పక్కన సింబల్ మోగిన ప్రతిచోటా ఆ చప్పుడు నీళ్లలో ముంచి తీసినట్టుంది. అటక మీది అట్టపెట్టె దించి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను. ఈసారి పదకొండు సీడీలు అసలు చదవనే లేదు, మొదటిసారి ఏ గొడవా చేయకుండా చదివిన సీడీలే అవి.

అందుకని నా పక్షపాతం ముందే చెప్పేస్తున్నా. ఈ పనిలో ఖరీదైనది జాగా కాదు, మీ టైము. జాగా మిగుల్చుకోవడానికి క్వాలిటీ తగ్గిస్తే ఆ టైము రెండోసారి కట్టాల్సి వస్తుంది.

చాలామంది మొదట అడిగేది ‘ఎన్ని టీబీ డిస్క్ కొనాలి’ అని. కొనేముందు ఒకసారి లెక్క వేద్దాం, ఎందుకంటే జాగా గురించి పడే టెన్షన్‌లో సగం లెక్క వేయకపోవడం వల్లే. సీడీలో ఆడియో సెకనుకి 44,100 సాంపుల్స్, ఒక్కోటి 16 బిట్లు, రెండు చానెళ్లు. అంటే 1,411 కేబీపీఎస్, నిమిషానికి దాదాపు 10.6 ఎంబీ. యాభై నిమిషాల సీడీ ఏ కంప్రెషనూ లేకుండా 530 ఎంబీ అవుతుంది. అదే ఫ్లాక్‌లో, అంటే ఆడియోలో ఏమీ పోకుండా కుదించే ఫార్మాట్‌లో, పెడితే సంగీతాన్ని బట్టి 50 నుంచి 70 శాతానికి తగ్గుతుంది, సగటున 320 ఎంబీ అనుకోండి. 320 కేబీపీఎస్ ఎంపీ3 అయితే నిమిషానికి 2.4 ఎంబీ చొప్పున 120 ఎంబీ. ఇప్పుడు మీ దగ్గర 400 సీడీలు ఉన్నాయనుకుంటే ఫ్లాక్‌లో 130 జీబీ లోపు, ఎంపీ3లో 48 జీబీ. తేడా 80 జీబీ, అంటే ఈ రోజుల్లో ఒక పెద్ద కంప్యూటర్ గేమ్ ఆక్రమించేంత జాగా. దాని కోసం 400 సీడీలు మళ్లీ పెట్టి తీసే రిస్క్ నేనైతే తీసుకోను.

ఇక ఫార్మాట్ల సంగతి. వేవ్ ఫైల్లో పాట ఏ కంప్రెషనూ లేకుండా పూర్తిగా ఉంటుంది గానీ ఫ్లాక్ కన్నా ఒకటిన్నర రెట్లకి పైగా జాగా తింటుంది, పైగా పాట పేరు, గాయకుల పేరు, కవర్ బొమ్మ లాంటివి దాంట్లో సరిగ్గా నిలవవు. ఒక ప్లేయర్‌లో కనిపించిన ట్యాగ్ ఇంకోదాంట్లో కనిపించదు. భద్రపరచడానికి వేవే ఉత్తమం అనేవాళ్లు ఇంకా ఉన్నారు, నాకు ఆ వాదన ఎప్పుడూ అర్థం కాలేదు, ఎందుకంటే ఫ్లాక్‌ని విప్పితే వచ్చే ఆడియో బిట్టు తేడా లేకుండా అదే. 2001లో వచ్చిన ఫ్లాక్ ఉచితం, ఓపెన్, ఇప్పుడు దాదాపు ప్రతి ఫోనూ, విండోస్ 10 నుంచి విండోస్ కూడా దాన్ని నేరుగా పాడతాయి. యాపిల్ వాళ్లది అలాక్ అని ఇంకోటి ఉంది, 2004లో వచ్చింది, 2011లో దాని కోడ్ కూడా అందరికీ ఇచ్చేశారు. రెండిట్లోనూ ఆడియో ఒకటే, దీన్నించి దానికీ దాన్నించి దీనికీ ఎన్నిసార్లు మార్చినా ఏమీ పోదు. మీరు పాటలు వినేదంతా ఐఫోన్, మ్యాక్‌లోని మ్యూజిక్ యాప్‌లోనే అయితే అలాక్ తీసుకోండి, ఆ యాప్ లైబ్రరీలోకి ఫ్లాక్‌ని రానివ్వదు. మిగతా అందరికీ ఫ్లాక్. ఇందులో ఎక్కువ ఆలోచించడానికి ఏమీ లేదు, తప్పు ఎంచుకున్నా ఒక రాత్రి కంప్యూటర్‌ని వదిలేస్తే మొత్తం మార్చి పెడుతుంది.

ఫ్లాక్‌లో నాకు అన్నిటికన్నా నచ్చేది, ఎవరూ పెద్దగా చెప్పుకోనిది ఇంకోటి ఉంది. ప్రతి ఫైలు లోపలా అసలు ఆడియోకి సంబంధించిన ఒక ఎండీ5 గుర్తు, వేలిముద్ర లాంటిది, దాగి ఉంటుంది. పదేళ్ల తర్వాత డిస్క్ మీద అనుమానం వస్తే ఫోల్డర్ మొత్తాన్ని టెస్ట్ చేయమని ఒక్క కమాండ్ ఇస్తే చాలు, ప్రతి పాటనీ విప్పి చూసి ఆ గుర్తుతో పోల్చి ఏ ఫైలు చెడిందో పేరుతో సహా చెబుతుంది. ఎంపీ3లో ఈ సౌకర్యం లేదు, చెడిపోయిన సంగతి వినేటప్పుడు మధ్యలో కీచుమంటేనే తెలుస్తుంది.

మరి ఎంపీ3, దాని తర్వాత వచ్చిన ఏఏసీ లాంటి, కొంత ఆడియో వదిలేసి కుదించే ఫార్మాట్లు పనికిరానివా అంటే, అస్సలు కాదు. ఫూబార్2000 అనే మ్యూజిక్ ప్లేయర్‌లో ఏబీఎక్స్ అని ఒక పరీక్ష ఉంటుంది, ఏది ఏదో చెప్పకుండా రెండు ఫైళ్లు వినిపించి గుర్తుపట్టమంటుంది. 256 కేబీపీఎస్ ఏఏసీకీ ఫ్లాక్‌కీ తేడా నేను పట్టుకోలేకపోయాను, ఊహతో గుడ్డిగా నొక్కినా అవే మార్కులు వచ్చేవి. కాబట్టి ఫ్లాక్ మీ చెవుల కోసం కాదు, రేపు ఇంకో ఫార్మాట్ వచ్చినప్పుడు అందులోకి మళ్లీ మార్చుకోవడం కోసం. ఫ్లాక్ నుంచి ఎంపీ3 ఎప్పుడైనా తీయొచ్చు, ఎంపీ3ని ఫ్లాక్ చేస్తే మాత్రం ఫైలు లావవుతుంది తప్ప పాట బాగుపడదు. అసలు కాపీ ఫ్లాక్‌లో ఇంట్లో ఉంచి, ఫోన్‌కీ కారుకీ ఏఏసీ కాపీలు చేసుకోండి. ఎంపీ3 పేటెంట్ల లైసెన్సింగ్ కూడా 2017లో ముగిసిపోయి అది అందరికీ ఉచితమైంది, పాత కారు స్టీరియోకి దానికి మించినది లేదు.

సీడీ నుంచి తీయడానికి విండోస్‌లో ఎగ్జాక్ట్ ఆడియో కాపీ, మ్యాక్‌లో ఎక్స్‌ఎల్‌డీ, లైనక్స్‌లో విప్పర్. మూడూ ఉచితమే. డబ్బు పెట్టినా ఫరవాలేదు, సెట్టింగులతో కుస్తీ వద్దు అనుకుంటే డీబీపవర్‌యాంప్. వీటికీ మామూలు మ్యూజిక్ ప్లేయర్‌లోని రిప్ బటన్‌కీ తేడా ఏమిటంటే, మామూలుది ఒకసారి చదివి వచ్చింది రాసుకుపోతుంది, ఇవి అనుమానం వచ్చిన చోట మళ్లీ మళ్లీ చదివి సరిచూసుకుంటాయి. ఆ తర్వాత అక్యురేట్‌రిప్ అనే డేటాబేస్‌లో, అదే సీడీని వేరేవాళ్లు తీసినప్పుడు వచ్చిన చెక్‌సమ్‌తో మీది పోల్చి చూస్తాయి. ముక్కూమొహం తెలియని పాతికమందికి వచ్చిన అంకె మీకూ వచ్చిందంటే మీ కాపీ పక్కాగా ఉన్నట్టే. అరుదైన సీడీలు ఆ డేటాబేస్‌లో ఉండవు, అప్పుడు రెండుసార్లు తీసి రెండూ ఒకటేనా అని చూసుకోవడమే.

గీతలు పడ్డ సీడీతో ఓపిక కావాలి. నాకు ఒక నాలుగు నిమిషాల పాట ముప్పావు గంట తీసుకుంది, డ్రైవ్ ఆగి, గిర్రున తిరిగి, మళ్లీ ఆగి. తుడిచేటప్పుడు గుండ్రంగా తుడవకండి, మధ్య నుంచి అంచు వైపు నిటారుగా తుడవండి. డేటా సుడి తిరిగిన దారిలో ఉంటుంది కాబట్టి అడ్డంగా పడ్డ గీతని సీడీలోని ఎర్రర్ కరెక్షన్ పూడ్చుకోగలదు, ఆ దారి వెంబడే పడ్డ గీతకి మాత్రం చేతులెత్తేస్తుంది. మెరిసే పొర బొమ్మ ఉన్న వైపుకే దగ్గరగా ఉంటుంది, అందుకే కింది గీతల కన్నా పైన లేబుల్ మీద పడ్డ గీత ప్రమాదం. ఇంకో చిట్కా: చదవని సీడీని పారేసేముందు వేరే డ్రైవ్‌లో పెట్టి చూడండి. నా పదకొండులో నాలుగు అలా పాత డెస్క్‌టాప్ డ్రైవ్‌లో బతికాయి.

క్యాసెట్ల దగ్గరికి వస్తే కథ మారుతుంది, ఎందుకంటే ఇక్కడ ఫార్మాట్ కన్నా ప్లేయర్ ముఖ్యం. మార్కెట్లో వాక్‌మన్ ఆకారంలో యూఎస్‌బీ వైరు ఉన్న చిన్న కన్వర్టర్లు దొరుకుతాయి, చవక, చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. నేను ఒకటి కొన్నాను. వేగం నిలకడగా ఉండదు, సాగదీసి పాడే స్వరం మీద అయితే గొంతు వణుకుతున్నట్టు వినిపిస్తుంది. దాంతో చేసిన ముప్పై క్యాసెట్లు తర్వాత మళ్లీ చేసుకున్నాను. తెలిసినవాళ్ల దగ్గర మంచి పాత డెక్ ఉంటే అడిగి తెచ్చుకోండి, బెల్టులు మార్పించి, హెడ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి వాడండి, ఆ కన్వర్టర్‌కి దీనికి పోలికే లేదు.

ఒక క్యాసెట్ సంగతి చెప్తాను. ప్లే నొక్కితే పాట ఎక్కడో గోడ అవతల నుంచి వస్తున్నట్టుంది, ఒక చెవిలో వస్తూ ఇంకో చెవిలో పోతూ. టేపు పాడైందనుకుని పక్కన పెట్టేయబోయాను. వెలుతురులో తిప్పి చూస్తే కింది భాగంలో, టేపుని హెడ్‌కి ఆనించి ఉంచే చిన్న ఫెల్ట్ మెత్త ఉండాలి, అది లేదు. జిగురు ఎండిపోయి ఊడి డబ్బాలోనే పడి ఉంది, సన్నటి రాగి రేకు మాత్రం ఒంటరిగా నిలబడి ఉంది. పనికిరాని ఇంకో క్యాసెట్ మరలు ఐదూ విప్పి, ఈ రెండు చక్రాల్నీ టేపుతో సహా జాగ్రత్తగా ఎత్తి ఆ డబ్బాలో కూర్చోబెట్టాను. పది నిమిషాల పని, పాట మళ్లీ ముందుకు వచ్చి నిలబడింది. మీ దగ్గర చెడిపోయాయనుకుంటున్న క్యాసెట్లలో కొన్నిటికి జబ్బు ఇంతే అయ్యుండొచ్చు.

పాట అంతా ఉన్నా మసకగా ఉంటే హెడ్ వాలు, అదే అజిమత్, తేడాగా ఉన్నట్టు. హెడ్ పక్కనుండే చిన్న మరని పాట నడుస్తుండగానే కొంచెం కొంచెం తిప్పుతూ ‘స’, ‘శ’ పదునుగా వినిపించే చోట ఆపాలి, మోనోలో వింటే ఇంకా తేలిగ్గా తెలుస్తుంది. రికార్డ్ చేసేటప్పుడు డాల్బీ (టేపు బుసని తగ్గించే ఏర్పాటు) పెట్టి చేసిన క్యాసెట్‌కి మాత్రమే వినేటప్పుడు డాల్బీ పెట్టండి, లేకపోతే పై స్వరాలన్నీ దుప్పటి కప్పుకుంటాయి. కంప్యూటర్‌కి కలిపేటప్పుడు మైక్ సాకెట్‌లో కాదు, లైన్ ఇన్‌లో. అది లేకపోతే లైన్ ఇన్ ఉన్న చిన్న యూఎస్‌బీ సౌండ్‌కార్డ్ చాలు. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రికార్డ్ చేస్తూ లెవెల్ శిఖరాలు మైనస్ 6 డెసిబెల్స్ దగ్గర ఆగేలా చూసుకోండి, సున్నా దాటి తెగిపోయిన చప్పుడు తర్వాత ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ సరిగ్గా అతకదు. ‘బుస్’ మనే శబ్దం తీసేయాలని చెయ్యి దురద పెడుతుంది. తీయండి, కానీ తీయని అసలు కాపీ ఒకటి పక్కన ఉంచుకున్నాకే. నేను మొదట్లో శుభ్రం చేసినవి ఇప్పుడు వింటే బుసతో పాటు గాయని ఊపిరి కూడా తుడిచేసినట్టు తెలుస్తోంది.

క్యాసెట్‌కి 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ చాలు. 24 బిట్ ఎందుకంటే లెవెల్ తక్కువ పెట్టుకున్నా నష్టం లేదు కాబట్టి. 192 కిలోహెర్ట్జ్‌లో క్యాసెట్ రికార్డ్ చేయడమంటే టేపు బుసని మహా స్పష్టంగా దాచుకోవడమే. గంట క్యాసెట్ ఒక జీబీ పైచిలుకు వస్తుంది, ఫ్లాక్ చేస్తే అందులో మూడో వంతు దాకా పోయి 700 ఎంబీ అవుతుంది. ఎల్‌పీ రికార్డులకి నేను 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ వాడతాను, నిమిషానికి 34 ఎంబీ పైనే, నలభై నిమిషాల రికార్డు 1.4 జీబీ. వాటికి ఫోనో ప్రీయాంప్, అంటే రికార్డు ప్లేయర్ నుంచి వచ్చే సన్నటి సిగ్నల్‌ని పెంచి సరిచేసే పెట్టె, తప్పనిసరి, అది లేకుండా నేరుగా కలిపితే బేస్ లేక పలచగా, కీచుగా వస్తుంది. 78 ఆర్‌పీఎం రికార్డులకి సూది కూడా వేరే, వెడల్పాటిది కావాలి, ఎల్‌పీ సూదితో వాటి జోలికి వెళ్లకండి.

సొంతంగా చేసుకోవాలా, ఇచ్చి చేయించుకోవాలా? సీడీకి పది నిమిషాలు వేసుకున్నా 400కి 67 గంటలు, అందులో మీరు చేసేది మార్చి పెట్టడమే కాబట్టి వేరే పని చేసుకుంటూ కానిచ్చేయొచ్చు. క్యాసెట్ అలా కాదు, గంట క్యాసెట్‌కి గంటా పడుతుంది, 150 ఉంటే 150 గంటలు. నా సలహా: సీడీలు మీరే చేసుకోండి. ఇంట్లోవాళ్ల గొంతులు, కచేరీల రికార్డింగులు లాంటి ఎక్కడా దొరకని క్యాసెట్లు కొన్నే ఉండి మీ దగ్గర మంచి డెక్ లేకపోతే వాటిని మాత్రం బయట ఇవ్వండి, ఇచ్చేటప్పుడు ఎంపీ3 కాదు, శుభ్రం చేయని 24 బిట్ ఫైళ్లు కావాలని ముందే చెప్పండి. స్ట్రీమింగ్‌లో అదే రికార్డింగ్ దొరికే క్యాసెట్ల మీద గంటలు పోసేముందు ఒకసారి వెతికి చూసుకోండి.

ట్యాగుల గురించి ఒక్క మాట. ‘తర్వాత పెడదాంలే’ అనుకున్న నా ట్రాక్ 01లు, ట్రాక్ 02లు ఇప్పటికీ ఒక ఫోల్డర్‌లో మూలుగుతున్నాయి. మ్యూజిక్‌బ్రెయిన్జ్ పికార్డ్ గానీ, ఎంపీ3ట్యాగ్ గానీ పెట్టుకుని సీడీ కవర్ చేతిలో ఉన్నప్పుడే పూర్తి చేయండి. పేర్లు తెలుగు లిపిలో పెట్టాలా ఇంగ్లీషు అక్షరాల్లోనా అంటే, నేను ట్యాగులో తెలుగు, ఫైలు పేరులో ఇంగ్లీషు అక్షరాలు పెడతాను, పాత కారు స్టీరియోలు తెలుగుని డబ్బాలుగా చూపిస్తాయి.

ఇప్పుడు జాగా. అన్నీ ఫ్లాక్‌లో లెక్కేస్తే 400 సీడీలకి 130 జీబీ, 150 క్యాసెట్లకి 105, 60 ఎల్‌పీలకి 50 అటూ ఇటూ. మొత్తం 300 జీబీ లోపే. ఏఏసీ కాపీలు, పనిలో ఉన్న ఫైళ్లు, వచ్చే ఏళ్లలో కలిసేవి అన్నీ వేసుకున్నా 1 టీబీ డిస్క్ సగం ఖాళీగా ఉంటుంది. కొన్నాక విండోస్ 931 జీబీయే చూపిస్తే షాపువాడు మోసం చేశాడనుకోకండి, తయారీదారు వెయ్యితో లెక్కపెడతాడు, విండోస్ 1,024తో.

ఇంత చిన్న కలెక్షన్‌కి ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌ని కొట్టేది లేదు. జీబీ లెక్కన చవక, వేగం తక్కువ అంటారు గానీ ఫ్లాక్ పాట పాడటానికి సెకనుకి మెగాబిట్ చాలు, ఎంత నెమ్మది డిస్కయినా దానికి ఎక్కువే. దాని శత్రువు నేల, నడుస్తుండగా కింద పడితే అంతే సంగతులు. ఎస్‌ఎస్‌డీ కింద పడినా తట్టుకుంటుంది, చప్పుడు ఉండదు, రోజూ వాడేదానికి బాగుంటుంది. కానీ కరెంటు ఇవ్వకుండా ఏళ్ల తరబడి బీరువాలో పెట్టేస్తే అందులోని చార్జ్ మెల్లగా కారిపోయే ప్రమాదం ఉంది, దాచిపెట్టే కాపీకి హార్డ్ డిస్కే మేలు. పెన్‌డ్రైవ్‌లు, మైక్రో ఎస్‌డీ కార్డులు మోసుకెళ్లడానికే, దాచుకోవడానికి కాదు. వాటిలో నకిలీలు కూడా ఎక్కువ, 512 అని రాసి ఉంటుంది, 32 దాటాక రాసినదంతా గాల్లోకి పోతుంది. కొన్న రోజే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ గానీ ఎఫ్3 గానీ అనే ప్రోగ్రాంతో నింపి చూడండి.

నాస్ పెట్టెలు, అంటే ఇంటి నెట్‌వర్క్‌కి కలిపి అందరూ వాడుకునే డిస్కు పెట్టెలు, ముద్దొస్తాయి, నాకూ ఒకటి ఉంది, కానీ 300 జీబీ పాటల కోసమే అయితే అనవసరం. ఇంట్లో నలుగురు నాలుగు గదుల్లో వింటారంటే ఆలోచించండి, అప్పుడు కూడా పాత కంప్యూటర్ మీద నావిడ్రోమ్ గానీ జెల్లీఫిన్ గానీ (ఇంట్లోవాళ్లకి పాటలు స్ట్రీమ్ చేసే ఉచిత సాఫ్ట్‌వేర్లు) పెట్టి ముందు సరిపోతుందేమో చూడండి. నాస్‌లో రెండు డిస్కులు రెయిడ్‌లో, అంటే ఒకదానికొకటి నకలుగా, ఉన్నాయి కాబట్టి బ్యాకప్ ఉందనుకోవడం పెద్ద పొరపాటు. మీరు పొరపాటున ఒక ఫోల్డర్ డిలీట్ చేస్తే రెండు డిస్కుల్లోనూ ఒకే క్షణంలో పోతుంది, నేను చేసి చూశాను.

క్లౌడ్ విషయంలో ఉచిత జాగా లెక్కలోకి రాదు, గూగుల్ 15 జీబీ, ఐక్లౌడ్ 5 జీబీ. డబ్బు కట్టి తీసుకుంటే ఇల్లు మునిగినా కాలినా కాపీ ఉంటుంది, అది నిజమైన లాభం. 300 జీబీ పంపడానికి 10 ఎంబీపీఎస్ అప్‌లోడ్ మీద దాదాపు మూడు రోజులు పడుతుంది, ఒక్కసారే కాబట్టి భరించొచ్చు. సింక్ చేసే క్లౌడ్ మళ్లీ రెయిడ్ లాంటిదే అని గుర్తుంచుకోండి, ఇక్కడ తీసేస్తే అక్కడా పోతుంది, తీసేసినవి ఎన్నాళ్లు దాచి ఉంచుతారో చూసుకోండి. యాపిల్ వాళ్ల ఐట్యూన్స్ మ్యాచ్ లాంటివి, మీ ఫైలుని పోలిన పాట వాళ్ల దగ్గర ఉంటే మీది దాచకుండా 256 కేబీపీఎస్‌లో అదే ఇస్తాయి, అది బ్యాకప్ కాదు. గూగుల్ ప్లే మ్యూజిక్‌లోకి ఎంతోమంది తమ పాటలన్నీ ఎక్కించుకున్నారు, 2020లో దాన్ని మూసేశారు. మార్చుకోవడానికి దారి ఇచ్చారు గానీ ఇంట్లో కాపీ లేకుండా ఆ సర్వీసు మీదే ఆధారపడ్డవాళ్లకి ఆ నెలలు బాగా గుర్తుంటాయి.

నా మట్టుకు నేను ఒక పెద్ద 4 టీబీ డిస్క్ కన్నా రెండు 1 టీబీ డిస్కులు కొనమంటాను, రెండూ ఒకే కంపెనీ ఒకే మోడల్ కాకుండా. ఒకటి ఇంట్లో, రెండోది ఇంకెవరి ఇంట్లోనైనా. విండోస్, మ్యాక్ రెండూ వాడేవాళ్లు ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేయండి. ఏడాదికోసారి రెండో డిస్క్ తెప్పించుకుని కొత్తవి కలిపి, ఫ్లాక్ టెస్ట్ నడిపి, తిరిగి పంపేయండి. పైన క్లౌడ్ కూడా ఉంటే మంచిదే, లేకపోయినా నిద్ర పడుతుంది.

ఎక్కడ మొదలుపెట్టాలో తేలకపోతే ఇంకెక్కడా దొరకని క్యాసెట్లతో మొదలుపెట్టండి, సీడీలు ఇంకో ఏడాది ఆగుతాయి. అన్నీ అయ్యాక సీడీలు అమ్మేయాలా అని అడుగుతారు. నేను అమ్మలేదు, ప్లాస్టిక్ డబ్బాలు మాత్రం తీసేసి సీడీనీ దాని పుస్తకాన్నీ పలచటి కవర్లలో పెట్టాను, నాలుగు అరల్లో ఉన్నవి ఒక్క అరలోకి వచ్చాయి, మిగిలిన మూడు అరల్లోకి క్యాసెట్ డెక్ చేరింది.